ఊరికే కొండెక్కిన సోని

వంతల సోనికి దిమ్మకోట కొండ పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయితే సగం వరకే తెలుసు. కింది వాలులో వాళ్ళ కాఫీ తోట ఉంది. దానిపైన అడ్డాకులు దొరికే అడవి. ఆపైన చీపుళ్ళ గడ్డి పెరిగే మెట్ట. అక్కడిదాకా దారిలో ఉన్న ప్రతి రాయీ ఆమె పాదాలకు పరిచయమే. మెట్ట దాటితే పనికొచ్చేదేదీ దొరకదు కనక ఆమె ఎప్పుడూ దాటలేదు. ఆమే కాదు, ఊళ్ళో చాలామంది దాటలేదు.

పైన రెండు కోటలున్నాయని మాత్రం అందరికీ తెలుసు. దారిలో చిన్నకోట, శిఖరం మీద పెద్దకోట. ఏ రాజు కట్టాడో ఎవరూ చెప్పలేరు. ఎవరికో బాగా భయపడి ఉంటాడని, లేకపోతే అంత ఎత్తుకి రాళ్ళెందుకు మోయిస్తాడని ముసలాళ్ళు అంటారు.

సోని అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. పెళ్ళయిన కొత్తలో చేరింది. తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తుంది. గ్యాసు వచ్చింది గానీ అన్నం డేగిసా మాత్రం ఇప్పటికీ కట్టెల మీదే ఉడుకుతుంది. వంటగది కిటికీలోంచి కొండదారి కనిపిస్తుంది. చలికాలం వచ్చిందంటే శనివారం పొద్దున్నే విశాఖపట్నం నుంచి కుర్రాళ్ళూ అమ్మాయిలూ వీపున మనిషంత సంచులు తగిలించుకుని ఆ దారిన పోతారు. ఆదివారం సాయంత్రం దిగుతారు. మొహాలు కమిలిపోయి ఉంటాయి, కాళ్ళు ఈడుస్తుంటారు, చాలా సంతోషంగా ఉంటారు. పైనుంచి ఏమీ తేరు. కట్టె పుల్ల కూడా తేరు. ఇది సోనికి చాలాకాలంగా అంతుపట్టలేదు.

ఒకసారి వాళ్ళలో ఒక అమ్మాయి నీళ్ళ కోసం కుళాయి దగ్గరికి వచ్చింది.

"మీరు పైకి చాలాసార్లు వెళ్ళుంటారు కదా ఆంటీ?"

"ఎల్లలేదు."

"ఒక్కసారి కూడానా?"

"పని పడలేదు."

ఆ అమ్మాయి "అయ్యో" అని, సీసా నింపుకుని వెళ్ళిపోయింది. సోనికి తెలిసినంతవరకు అది ఎవరైనా పోయినప్పుడు అనే మాట. ఇక్కడ ఎవరూ పోలేదు. పప్పు కడుగుతూ ఆలోచించింది, గంజి వారుస్తూ ఆలోచించింది. ఒక సాయంత్రం మొగుడు మంగ్లు అంబలి తాగుతుంటే చెప్పింది.

"వచ్చే శనోరం కోటకెల్తాను."

"ఏటి తేవాలి?"

"ఏటీ తేను."

"గొడ్డలి అట్టుకెల్తావా?"

"లేదు."

"ఎవులైనా రమ్మన్నారా?"

"ఎవులూ అనలేదు. ఊరికే ఎల్తాను. సూసొత్తాను."

మంగ్లు గిన్నె కింద పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఊరికే చేసిన పని ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు.

"ఒంట్లో బాగున్నాదా?"

"బాగానే ఉన్నాది."

"అలగైతే ఎల్లు," అన్నాడు. తర్వాత కొన్నాళ్ళు ఆమె అన్నం సరిగా తింటోందో లేదో ఓ కంట కనిపెట్టాడు.

వంటగదిలో సాయంగా ఉండే చిన్నమ్మికి ఈ సంగతి చెప్పగానే ఆమె కారణం అడగలేదు. సోని కంటే చిన్నది, మాటకి ముందు కాళ్ళు కదిలే రకం.

"నానూ వత్తాను అప్పా. మా పిన్ని మెట్టవతల పైవలసలో ఉన్నాది. చిన్నకోట సూసుకుని రేత్రికి ఆడ తొంగుందుము. ఆదోరం పొద్దున్నే పెద్దకోట ఎక్కీసి దిగిపోదుము."

పథకం అంతే. రెండు వాక్యాల్లో తయారైంది. మిగతా వారమంతా దాన్ని ఇతరులు తయారు చేశారు.

ముందుగా భాస్కరరావు కొట్టు. చోడవరం వైపు నుంచి వచ్చి జంక్షన్లో కిరాణా పెట్టుకున్న సావుకారి ఆయన. సోని అటుకులు, బెల్లం కావాలంటే ఆయన భార్య కనకమహాలక్ష్మి కట్టి ఇస్తూ, జ్వరమొస్తేనే అటుకులు కొంటారు కనక, ఎవరికి ఒంట్లో బాగోలేదని అడిగింది. కోటకి వెళ్తున్నామని సోని చెప్పింది. కనకమహాలక్ష్మి పొట్లం కట్టే దారం తెంపకుండా ఆగిపోయింది. ఆమెకు చక్కెర జబ్బు. రోజూ నడవాలని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి బియ్యం బస్తాలకీ గల్లాపెట్టెకీ మధ్య నడుస్తోంది. జబ్బు తగ్గలేదు, బస్తాల పక్కన నేల మాత్రం నునుపు తేలింది.

"నడవమన్నాడు గాని ఏ పక్కకో సెప్పలేదు. నానూ వత్తాను సోనీ."

భాస్కరరావు కందిపప్పు తూస్తూ తలెత్తలేదు. "నువ్వెల్తే కొట్టెవలు సూత్తారు?"

"మీరు సూత్తారు. కొట్టు మీదే కదా."

ఆయన ఆ సంగతి ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. పప్పు కాస్త మొగ్గుగా పడిపోయింది.

"కొండ నిలువుగుంటాది సావుకారమ్మా," అంది సోని, మానుతుందేమోనని.

"నీకు నిలువు, నాకు పల్లమేటి? ఎవలికైనా ఒకటే కొండ," అంది కనకమహాలక్ష్మి.

తర్వాత సెలవు. వార్డెన్ సుష్మ మేడం అనకాపల్లి మనిషి, మంచిదే, కాకపోతే ప్రతిదానికీ కాగితం ఉండాలి.

"కారణం ఏమని రాయను?"

"కోట సూడ్డానికండి."

మేడం పెన్ను ఆగింది. "ఊళ్ళో ఎవరైనా పోయారా?"

"లేదండి."

"పండగా?"

"కాదండి."

"కోట చూడ్డానికి సెలవివ్వడానికి రూలు లేదు సోనీ." కాసేపు కిటికీలోంచి కొండ వైపు చూసింది. "జ్వరం అని రాస్తాను. దానికైతే ఉంది."

అలా సోనికి కాగితం మీద జ్వరం వచ్చింది. ఏజెన్సీలో జ్వరం అన్నమాట ఊరికే పోదు. అందులోనూ అంతమంది ఆడపిల్లలకు వండే మనిషికి. శుక్రవారం మధ్యాహ్నం ఆరోగ్య కార్యకర్త సత్యకుమారి సంచి తగిలించుకుని స్కూటీ మీద వచ్చేసింది. సోని డేగిసాలో తెడ్డు తిప్పుతూ చెమటతో తడిసిపోయి ఉంది.

"ఎప్పట్నుంచి జ్వరం?"

నిజం చెబితే మేడంకి మాట వస్తుంది. అబద్ధం చెప్పడం సోనికి అలవాటు లేదు.

"రేపట్నుంచి," అంది.

సత్యకుమారి ఈ ఉద్యోగంలో రకరకాల జ్వరాలు చూసింది గానీ ముందుగా తేదీ చెప్పి వచ్చే జ్వరం చూడలేదు. అయినా వేలు పొడిచి రక్తం తీసింది. మలేరియా లేదని తేలింది. దోమతెర కట్టుకోమని చెప్పి, ఒక మాత్ర మింగించి, మింగిందో లేదో నోరు తెరిపించి చూసి మరీ వెళ్ళింది.

ఆ సాయంత్రానికి ఊళ్ళో విషయం పాకింది. సోని ఊరికే కొండెక్కుతోందట. ఈ మాటని కొందరు నమ్మలేదు. నమ్మినవాళ్ళు ఎలాగైనా దాన్ని సరిచెయ్యాలనుకున్నారు. మొదట మంగ్లు చిన్నాన్న సుక్రు వచ్చాడు.

"నా ఎర్రావు కొండ మీదకెల్లి రాలేదు కోడలా. నువ్వెలాగూ ఊరికే ఎల్తన్నావు కదా, ఓపాలి సూడు."

తర్వాత పక్కింటి ముసలామె కోట దేవతకి మొక్కిన కోడిని తెచ్చి చేతిలో పెట్టింది. ఆమెకు మోకాళ్ళు లేవడం లేదు, మొక్కు మిగిలిపోయింది. ఇంకొకామె పైవలసలో ఇచ్చిన కూతురికి సామలు మూట కట్టి తెచ్చింది. సోని ఎవరినీ కాదనలేకపోయింది. కాదనడానికి కారణం కావాలి, ఆమె దగ్గరేమో ఊరికే అన్న మాట ఒక్కటే ఉంది.

శనివారం పొద్దున్న పసుపచ్చగా పూసిన వలిసె చేల మీద ఎండ పడే వేళకి బయల్దేరారు. సోని నెత్తిన సామల మూట, చంకలో కోడి. చిన్నమ్మి దగ్గర అటుకులు, బెల్లం, దుప్పట్లు. కనకమహాలక్ష్మి పులిహోర, చేగోడీలు, ఆవకాయ, టార్చి, గొడుగు తెచ్చుకుంది. కాళ్ళకి ఇంట్లో వేసుకునే హవాయి చెప్పులు. మంగ్లు వాకిట్లో నిలబడి చూసి, ఒక కొడవలి తెచ్చి చిన్నమ్మి సంచిలో దూర్చాడు. "ఉంటే ఏటైపోద్ది," అన్నాడు.

కాఫీ పళ్ళు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు పాకి ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా కనకమహాలక్ష్మి "ఇదేనా కోట?" అని అడిగింది. కాఫీ తోట అని ఒకసారి, బండరాయి అని ఒకసారి, అటవీ శాఖవాళ్ళ పాత గోడ అని ఒకసారి చెప్పారు. అడవిలో ముగ్గురూ సుక్రు ఆవుని వంతులవారీగా పిలిచారు. మనుషులెవరో పలికారు గానీ ఆవు పలకలేదు.

గడ్డి మెట్ట చేరాక సోని ఆగింది. మూట దించి, మళ్ళీ ఎత్తుకుంది. "ఇక్కణ్ణుంచి నాకూ కొత్తే," అంది.

"మరి దారెవలికి తెలుసు?" అంది కనకమహాలక్ష్మి.

"మా పిన్నికి తెలుసు," అంది చిన్నమ్మి.

"మీ పిన్నెక్కడుంది?"

"పైనుంది."

అదృష్టవశాత్తూ విశాఖపట్నం పిల్లలు పారేసిన బిస్కెట్ కాగితాలు దారి పొడుగునా ఉన్నాయి. కనకమహాలక్ష్మి ఒకటి తీసి చూసి, "మా కొట్లోవే," అంది. ఆమె గొంతులో కొంత గర్వం ఉంది.

కాగితాలు అయిపోయిన చోట మంచు దిగింది. కొండల్లో మంచు చెప్పి రాదు. ముందు చెట్లు పోయాయి, తర్వాత దారి పోయింది, చివరికి ముందు నడుస్తున్న చిన్నమ్మి పోయి ఆమె గొంతు మాత్రం మిగిలింది. అప్పుడే కనకమహాలక్ష్మి చెప్పు తెగింది. తెగిన చెప్పుని ఒక మోడుకి తగిలించారు. చిన్నమ్మి తన చెప్పులు ఆమెకిచ్చి ఒట్టికాళ్ళతో నడిచింది.

మోడు దాటగానే ఎడంచేతి వైపు రాళ్ళ గట్టు ఒకటి తగిలింది. ఛాతీ ఎత్తు, నాచు పట్టి ఉంది. ఎవరిదో పొలం గట్టు, పట్టుకుని వెళ్తే ఊరొస్తుందని సోని చెప్పింది. గోడ మీద చెయ్యి వేసుకుని నడిచారు. చాలాసేపు నడిచారు. ఊరు రాలేదు. ఒక మోడు మాత్రం వచ్చింది, దానికి ఒక చెప్పు వేలాడుతోంది.

"అయ్యో పాపం, ఇంకెవలిదో కూడా తెగిపోయినాది," అంది కనకమహాలక్ష్మి.

చిన్నమ్మి దగ్గరికెళ్ళి చూసింది. "సావుకారమ్మా, ఇది మీదే."

"నాది ఎనక్కెక్కడో కదా ఇడిసినాం."

"ఇదే ఆ ఎనక్కి."

దారి తప్పామనుకుని ఈసారి ఇంకా జాగ్రత్తగా, గోడ మీంచి చెయ్యి తియ్యకుండా బయల్దేరారు. చెప్పు మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ముగ్గురూ గోడకి చేరగిలబడి కూర్చున్నారు. కనకమహాలక్ష్మి పులిహోర విప్పింది. కోడికి కూడా కాస్త పెట్టారు.

సోనికి అప్పుడు నిజంగా భయం వేసింది. ఒక మనిషికి చెప్పుల్లేవు, ఇంకో మనిషికి చక్కెర జబ్బు. ఇద్దరినీ తీసుకొచ్చింది తను. ఎందుకొచ్చావని రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేదు. తనకేమైనా అయితే జ్వరంతో పోయిందని రాస్తారు. మనసు మళ్ళించుకోవడానికి వీపు వెనకున్న గోడని తడిమి చూసింది. రాళ్ళు చెక్కినట్టు నాలుగు పలకలుగా ఉన్నాయి. వాళ్ళ వైపు ఎవరూ పొలం గట్టుకి రాయి చెక్కరు. పొలం గట్టు ఇలా గుండ్రంగా కూడా తిరగదు.

"సావుకారమ్మా, మనం కోట సుట్టూ తిరుగుతున్నట్టున్నాం."

"ఏ కోట?"

"చిన్నకోట."

కనకమహాలక్ష్మి పులిహోర చెయ్యి దులుపుకుని వెనక్కి తిరిగి గోడని పైనుంచి కిందిదాకా చూసింది. పొద్దున్నుంచి ఆమె అడుగుతున్నది ఇదే.

"మూడుసార్లు తిరిగినాం," అంది. "గుడైతే పుణ్యమైనా వచ్చును."

చిన్నమ్మి ముందు నవ్వింది. తర్వాత సోనికి నవ్వొచ్చింది, నవ్వుతుంటే భయం ఎటు పోయిందో తెలియలేదు. వాళ్ళు నవ్వడం ఆపేసరికి మంచులో ఎక్కడో ఒక పుంజు కూసింది. సోని చంకలో కోడి మెడ సాచి ఆ వైపు తిరిగింది. కోడి ఎటు తిరిగితే అటు నడిచారు. గోడకి ఎదురుగా పొదల్లో ఒక సందు, దానవతల ఒక కాలిబాట, బాట చివర పైవలస పెంకుటిళ్ళు.

చిన్నమ్మి పిన్ని సామల అన్నం, చిక్కుడు గింజల కూర పెట్టింది. ఎందుకొచ్చారని అడిగింది. ఊరికే అని చెప్పారు. ఆమె తలూపి, అలసిపోయారని ఇంకొంచెం కూర వేసింది. సామల మూట చేరవలసిన చోటికి చేరింది. పైవలసలో ముహూర్తాలు చూసే పూజారి, దిసారి, కోడిని అటూ ఇటూ తిప్పి చూసి, మొక్కు తీర్చడానికి ఇది కాలం కాదు, అప్పటిదాకా నా దగ్గరుంటుంది అన్నాడు. ఊరి చివర రాయి ఎక్కితే ఫోను పలుకుతుంది. చిన్నమ్మి ఎక్కి ఇంటికి ఫోన్ చేసింది. సుక్రు ఆవు శుక్రవారం రాత్రికే తిరిగొచ్చిందట. చెబుదామనుకున్నాడట గానీ వాళ్ళ ప్రయాణం పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాడట.

ఆదివారం పొద్దున్న ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. సోని నెత్తిన మూట లేదు, చంకలో కోడి లేదు. మొదట్లో ఆమెకు నడక కుదరలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందుకి ఊపింది, కొంగులో చుట్టుకుంది, చివరికి కనకమహాలక్ష్మిని పట్టుకుని ఎక్కించడానికి పనికొచ్చాయి.

పెద్దకోటలో రాజులు వదిలిపెట్టినది ఎక్కువ లేదు. కూలిన గోడలు, గోడలు లేకుండా నిలబడిన ఒక ద్వారం, లోపల మొలిచిన ఉసిరి చెట్టు. ద్వారం ఉంది కనక ముగ్గురూ అందులోంచే లోపలికి వెళ్ళారు. గోడ మీద కూర్చున్నారు.

కింద లోయంతా పరిచినట్టుంది. వలిసె చేలు పసుపు ముక్కలుగా, మధ్యలో రైలు పట్టా. కనకమహాలక్ష్మి తమ కొట్టు కోసం వెతికి, జంక్షన్ని పట్టుకుని, "అంతేనా?" అంది. సోని కళ్ళు తమ ఊరిని దాటి పాఠశాల రేకుల మీద ఆగాయి. వంటగది నుంచి పొగ లేస్తోంది. తన బదులు ఎవరో వండుతున్నారు. కట్టెలు పచ్చివి పెట్టినట్టున్నారు, పొగ తెల్లగా వస్తోంది. పెళ్ళయిన కొత్త నుంచీ తను ఆ పొగ కిందే ఉంది, కళ్ళు మండుతూ. ఇంత దూరం నుంచి అది సన్నటి దారంలా, తొందరేమీ లేకుండా పైకి పోతోంది. దానికి వాసన కూడా లేదు. అంత చిన్నదాన్లో తను ఇన్నాళ్ళు ఎలా పట్టిందో ఆమెకు అర్థం కాలేదు. బాధ కాదు, సంతోషమని కూడా చెప్పలేం. చూస్తూ కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

"ఏటి సేత్తన్నావు సోనీ?" అంది కనకమహాలక్ష్మి కాసేపటికి.

"ఏటీ లేదమ్మా."

"అదేటి మరి?"

సోని కిందికి చూసుకుంది. గోడ సందుల్లో పెరిగిన చీపురు గడ్డి ఆమె చేతిలో కట్టకి సరిపడా పోగైంది. ఎప్పుడు పీకిందో తెలియదు. చిన్నమ్మి సంచిలోంచి కొడవలి తీసి చూపించి, మళ్ళీ లోపల పెట్టేసింది. సోని గడ్డిని గోడ మీద పెట్టి, గాలికి ఎగరకుండా ఒక రాయి వేసింది. కాసేపు చేతులు ఒళ్ళో ఉంచుకుని కూర్చోవడం సాధన చేసింది. ఎండ ఎక్కేసరికి కొంత వచ్చింది.

మధ్యాహ్నం దిగుతుంటే కనకమహాలక్ష్మి ఫోను మోగింది. ఉప్మా రవ్వ ఎక్కడుందని భాస్కరరావు. ఆమె చెప్పింది. ఇంకో ఫోను, పెసలు ఎక్కడున్నాయని. "కొట్లో ఉన్నాయి," అని కట్ చేసింది. ఆ తర్వాత ఆమె మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడింది గానీ తిరుగుముఖం పట్టినందుకు సంతోషంగా ఉన్నట్టు మాత్రం మాట్లాడలేదు.

సోమవారం సోని పొయ్యి వెలిగించింది. గంజి వార్చే వేళకి సుష్మ మేడం వంటగది గుమ్మంలోకి వచ్చి, పిల్లలు వినకుండా, పైన ఏముందని అడిగింది. రాళ్ళున్నాయని సోని చెప్పింది. మేడం ఇంకా నిలబడే ఉంది. "మన వంటగది కూడా కనబడతాదండి," అంది సోని. మేడం ఆఫీసు గది కనబడుతుందా అని అడిగింది.

ఆ వారం సంతలో ముగ్గురూ కలిశారు. సంత మధ్యలో, జనం తోసుకుంటుంటే, దారికి అడ్డంగా నిలబడి తర్వాత ఎక్కడికెళ్ళాలో మాట్లాడుకున్నారు. కనకమహాలక్ష్మి లంబసింగి అంది. అందరూ మంచు చూడ్డానికి అక్కడికే వెళ్తున్నారట.

"మంచు సూసినాం కదమ్మా," అంది సోని. "మంచులో ఏటీ కనపడదు."

చిన్నమ్మి మరిది పాచిపెంట వైపు ఉంటాడు. వాళ్ళ ఊరి పైన కూడా ఒక కోట ఉందని, లేకపోతే కోటలాంటి కొండ ఉందని, రెంటిలో ఏదో ఒకటి ఖాయమని ఆమె చెప్పింది. బస్సు ఎక్కడ మారాలన్న దగ్గర మాట తేలలేదు. సాలూరు వరకు వెళ్ళి ఎవరినైనా అడుగుదామన్నారు. ముగ్గురూ ఒప్పుకున్నారు, కాఫీ కోతలు అయ్యాక అని. కోతలు మరుసటి వారమే మొదలయ్యాయి. సోని బుట్టలు లెక్కపెట్టకుండా, అవి అయ్యేదాకా ఇంకెన్ని రోజులో లెక్కపెట్టింది.